తొలి మధ్యయుగ క్రైస్తవ తత్వంలో సామాన్యం, వ్యక్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు గొడవ దేని గురించి?

సోక్రటీస్ మనిషి, ప్లేటో మనిషి. ఇద్దరికీ ఒకే మాట వాడుతున్నాం. ఆ మాటకు తగ్గట్టు ఇద్దరిలోనూ ఉండే వస్తువు నిజంగా ఒకటి ఉందా? లేక సోక్రటీసూ ప్లేటో మాత్రమే ఉండి, 'మనిషి' అన్నది మన మనసులోనో నోటిలోనో ఉందా? దీన్ని సామాన్యాల సమస్య అంటారు. చాలా పరిచయ వ్యాసాలు ఇక్కడితో ఆగిపోతాయి. దీనికి రెండో సగం కూడా ఉంది. ఇద్దరిలో ఉన్నది ఒకటే అయితే, సోక్రటీస్‌ను ప్లేటో కాకుండా చేసేది ఏది? 6వ శతాబ్దం నుంచి 12వ శతాబ్దం దాకా సామాన్యం గురించి ఎవరు ఏం చెప్పినా, ఆ బిల్లు చివరికి వ్యక్తి దగ్గరే కట్టాల్సి వచ్చింది. అందుకే ఈ పేజీలో ఆ రెండో సగానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఇక్కడ 'వ్యక్తి' అనే మాటను మన తర్కశాస్త్రంలో 'జాతి, వ్యక్తి' అన్నప్పటి అర్థంలో వాడుతున్నాను. అంటే ఈ గుర్రమూ ఆ రాయీ కూడా వ్యక్తులే.

ఎవరు మొదలుపెట్టారు?

ప్లేటో, అరిస్టాటిల్ దాకా వెళ్లొచ్చు. కానీ మధ్యయుగాల వాళ్ల చేతికి ఈ ప్రశ్న ఇచ్చింది పోర్ఫిరీ. 3వ శతాబ్దంలో తూరు పట్టణంలో పుట్టినవాడు. అరిస్టాటిల్ తర్కానికి ముందుమాటగా 'ఇసాగోగే' అనే చిన్న పుస్తకం రాశాడు. మొదట్లోనే మూడు ప్రశ్నలు అడిగాడు. ప్రజాతులు ('జంతువు' లాంటి పెద్ద వర్గాలు), జాతులు (వాటిలో 'మనిషి', 'గుర్రం' లాంటివి) నిజంగా ఉన్నాయా, ఊహలోనే ఉన్నాయా? ఉంటే, వాటికి శరీరం ఉందా లేదా? ఇంద్రియాలకు తెలిసే వస్తువుల్లోనే ఉంటాయా, వాటికి వేరుగా ఉంటాయా? ఇవి చాలా లోతైన విషయాలు, ఇక్కడ వీటి జోలికి పోను అని చెప్పి పక్కన పెట్టేశాడు. చెప్పనని తప్పుకున్న ఆ జవాబు కోసమే తర్వాతి పండితులు శతాబ్దాలు కొట్టుకున్నారు.

ఇంకో సంగతి. ఈ పోర్ఫిరీయే క్రైస్తవులను ఖండిస్తూ ఒక పెద్ద గ్రంథం రాశాడు. దాన్ని చక్రవర్తులు తగలబెట్టించారు. ఆయన తర్కం పుస్తకాన్ని మాత్రం క్రైస్తవ పాఠశాలలు సుమారు వెయ్యేళ్లు మొదటి పాఠంగా చెప్పుకున్నాయి.

క్రైస్తవులకు ఇది అంత ముఖ్యం ఎందుకైంది?

తర్కం క్లాసులో తప్పు చెప్తే మార్కులు పోతాయి. ఇక్కడ తప్పు చెప్తే మతద్రోహం అంటారు. మూడు సిద్ధాంతాలు ఈ ప్రశ్న మీదే నిలబడి ఉన్నాయి.

మొదటిది త్రిత్వం: తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురు, దేవుడు ఒక్కడు. రెండోది క్రీస్తు: 451లో కాల్సిడాన్ మహాసభ ఆయన ఒక్కడే అని, స్వభావాలు రెండని తీర్మానించింది. మూడోది ఆదిపాపం: ఆదాము చేసిన తప్పు ఇప్పుడు పుట్టిన పసిబిడ్డకు ఎలా అంటింది? మూడింటిలోనూ ప్రశ్న ఒకటే. పలువురికి ఉమ్మడిగా ఉన్నది ఏది, ఎవరికి వారికే ఉన్నది ఏది?

4వ శతాబ్దంలో కప్పడోకియా (ఇప్పటి టర్కీలోని ప్రాంతం) పెద్దలు, అంటే నిస్సా గ్రెగొరీ లాంటి బిషప్పులు, దీనికి ఒక సూత్రం ఇచ్చారు. స్వభావం ఉమ్మడి, ఒక్కొక్కరినీ గుర్తుపట్టించే లక్షణాలు వేరు. వెంటనే ఎదురు ప్రశ్న వచ్చింది. పేతురు, యాకోబు, యోహాను ఒకే మానవ స్వభావం గలవాళ్లయినా ముగ్గురు మనుషులే అంటాం కదా, మరి ముగ్గురు దేవుళ్లు అని ఎందుకు అనకూడదు? నిస్సా గ్రెగొరీ జవాబు వింటే ఇప్పటికీ తల తిరుగుతుంది. 'ముగ్గురు మనుషులు' అనడమే భాషలో పాతుకుపోయిన పొరపాటు అన్నాడు. 'మనిషి' అనేది స్వభావం పేరు, ఆ స్వభావం ఒక్కటే. బంగారు నాణేలు ఎన్ని ఉన్నా బంగారం ఒకటే కదా అని వాదించాడు. త్రిత్వాన్ని కాపాడుకోవడానికి వీధిలో నడిచే మనుషుల లెక్కనే మార్చేశాడన్నమాట.

దీన్ని ఒప్పుకోని గ్రీకులు లేరా?

ఉన్నారు. 6వ శతాబ్దపు అలెగ్జాండ్రియాలో జాన్ ఫిలోపొనస్ అరిస్టాటిల్‌ను క్షుణ్ణంగా చదివినవాడు. ఉమ్మడి స్వభావం అనేది మన మనసు విడదీసి చూసినప్పుడే ఉంటుందని, బయట ఉండేది ఎవరి స్వభావం వారిదేనని అన్నాడు. నాలోని బుద్ధి నాదే, ఇంకొకరిది కాదు. ఒకడు బాధపడితే రెండోవాడికి నొప్పి పుట్టదు.

తర్వాత ఇదే కత్తిని సిద్ధాంతాల మీదికి తిప్పాడు. ఉమ్మడి దైవ స్వభావమే శరీరం ధరించిందంటే తండ్రీ ఆత్మా కూడా శరీరం ధరించినట్టే అవుతుంది. కాబట్టి శరీరం ధరించింది కుమారుడి విడి స్వభావమే. విడి స్వభావం ఉన్నచోట విడి వ్యక్తి ఉంటాడు గనుక క్రీస్తులో రెండు స్వభావాలు కుదరవు. అదే లెక్కన త్రిత్వంలో మూడు విడి స్వభావాలు. ఆయన్నూ ఆయన వైపు వాళ్లనూ ముగ్గురు దేవుళ్లవాదులు అన్నారు. 680-681లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఆయన్ని ఖండించింది. తర్కం ప్రకారం ఆయన వాదంలో లోపం పట్టుకోవడం అంత తేలిక కాదని నాకనిపిస్తుంది.

బోయెథియస్ ఏం చెప్పాడు?

లాటిన్ ప్రపంచానికి పోర్ఫిరీని అందించింది రోమన్ కులీనుడు బోయెథియస్. 'ఇసాగోగే'కు రెండు వ్యాఖ్యలు రాశాడు. 520ల మధ్యలో ఇటలీని ఏలిన గోత్ రాజు థియోడొరిక్ ఆయనకు మరణశిక్ష వేయించాడు.

రెండో వ్యాఖ్యలో ఆయన సమస్యను పదునుపెట్టిన తీరు గొప్పగా ఉంటుంది. ఉమ్మడి అనే మాటకు చాలా అర్థాలున్నాయి. ఒక వస్తువును ముక్కలు చేసి పంచుకోవచ్చు. ఒక బావినో గుర్రాన్నో ఒకరి తర్వాత ఒకరు వాడుకోవచ్చు. ఒక నాటకాన్ని అందరూ ఒకేసారి చూడొచ్చు. సామాన్యం ఇలా ఉమ్మడి కాదు. అది ప్రతి వ్యక్తిలోనూ పూర్తిగా, ఒకే సమయంలో ఉండాలి, పైగా ఆ వ్యక్తి సారంగా ఉండాలి. అలా ఉండేది 'ఒక్కటి' ఎలా అవుతుంది? ఒక్కటి కానిది అసలు ఉందని ఎలా అంటాం?

ఆయన పరిష్కారం ఇది: పోలిక వ్యక్తుల్లోనే ఉంది. దాన్ని మనసు విడదీసి తలచినప్పుడు సామాన్యం అవుతుంది. శరీరం లేకుండా గీత ఉండదు, అయినా గీతను విడిగా ఆలోచించగలం కదా. చివర్లో మాత్రం, ఇది అరిస్టాటిల్ అభిప్రాయం, నాకు నచ్చిందని కాదు, అరిస్టాటిల్ పుస్తకానికి ముందుమాట గనుక చెప్పాను అంటాడు. ప్లేటోకూ అరిస్టాటిల్‌కూ మధ్య తీర్పు చెప్పడానికి ఆయన ఒప్పుకోలేదు.

మరి వ్యక్తిని వ్యక్తిగా చేసేది ఏదని బోయెథియస్ అన్నాడు?

తంటా అంతా ఇక్కడుంది. ఒక్కోచోట ఒక్కో మాట చెప్పాడు.

పోర్ఫిరీ వెంట నడిచినప్పుడు: వ్యక్తి అంటే కొన్ని లక్షణాల మూట, అచ్చం ఆ మూటే ఇంకొకరిలో ఉండదు. త్రిత్వం మీద రాసిన చిన్న గ్రంథంలో: ముగ్గురు మనుషులు వేరయ్యేది ప్రజాతి వల్ల కాదు, జాతి వల్ల కాదు, ఆగంతుక గుణాల వల్ల, అంటే వచ్చిపోయే పైపై గుణాల వల్ల. రంగు, పొడవు లాంటివన్నీ మనసులో తీసేసినా, స్థలం మాత్రం తీసేయలేం, రెండు శరీరాలు ఒకే చోట ఉండలేవు కాబట్టి. మరో వ్యాఖ్యలో: ప్లేటోకు 'ప్లేటోతనం' అనే ఒక లక్షణం ఉంది, అది వేరెవరికీ పంచడానికి వీల్లేనిది. క్రీస్తు గురించి రాసినచోట 'పర్సన్' అంటే బుద్ధి గల స్వభావం ఉన్న వ్యక్తిరూప ద్రవ్యం (ద్రవ్యం అంటే గుణాలను మోస్తూ తనంతట నిలిచే వస్తువు) అని నిర్వచించాడు.

ఈ నాలుగూ ఒకదానితో ఒకటి కలుస్తాయా? ఆయన కలిపి చూపలేదు. తర్వాతి ఏడు వందల ఏళ్లలో ఎవరికి కావలసిన వాక్యం వాళ్లు ఎత్తుకున్నారు. నిర్వచనం సంగతే చూడండి. దాన్ని ఉన్నదున్నట్టు త్రిత్వానికి పెడితే ముగ్గురు ద్రవ్యాలు వస్తారు. అందుకే 12వ శతాబ్దంలో సాన్ విక్తోర్ మఠానికి చెందిన రిషార్ 'ద్రవ్యం' అనే మాట తీసేసి, పంచడానికి వీల్లేని ఉనికి అని దిద్దాడు.

6వ శతాబ్దానికీ 11వ శతాబ్దానికీ మధ్య ఎవరూ లేరా?

ఇద్దరిని చెప్తాను. 9వ శతాబ్దంలో ఫ్రాంకుల రాజు శార్ల్ కొలువులో ఉన్న ఐరిష్ పండితుడు ఎరియుజెనా సామాన్యానికే పూర్తిగా ఓటు వేశాడు. ఒకే సారం ప్రజాతుల్లో, జాతుల్లో, వ్యక్తుల్లో ఎక్కడికక్కడ పూర్తిగా ఉంటుంది. వ్యక్తులను లెక్కపెట్టనిచ్చేవి ఆగంతుక గుణాలే. ఆయన పెద్ద గ్రంథాన్ని 1225లో పోప్ హొనోరియస్ ఖండించాడు, వేరే కారణాలతో.

అదే కాలంలో కోర్బీ మఠంలో రట్రామ్నుస్‌కు ఒక వింత వాదంతో పని పడింది. మనుషులందరి ఆత్మా ఒక్కటే, పలు ఆత్మలు కూడా అదే అని మకారియుస్ అనే ఐరిష్ గురువు బోధించాడట. ఆయన శిష్యుడైన ఒక సన్యాసి దాన్ని ప్రచారం చేస్తున్నాడు. రట్రామ్నుస్ బోయెథియస్‌ను విప్పి, జాతి అనేది మనసులో ఏర్పడేది, బయట ఉండేవి ఒక్కో ఆత్మే అని జవాబు రాశాడు. వ్యక్తిని కాపాడటానికే సామాన్యాన్ని మనసులోకి పంపాల్సి వచ్చింది.

ఆదిపాపానికీ సామాన్యానికీ లింకు ఏమిటి?

దీనికి సరైన మనిషి తూర్నే పట్టణపు ఓడో. తర్కం గురువుగా పేరు తెచ్చుకుని, తర్వాత సన్యాసి అయి, 1105లో కాంబ్రే బిషప్ అయ్యాడు. ఆయన ఎదుర్కొన్న చిక్కు ఇది. శరీరం తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఆత్మను దేవుడు కొత్తగా సృష్టిస్తాడు. కొత్త ఆత్మకు పాత పాపం ఎలా అంటింది?

మనిషి అనే ద్రవ్యం ఒక్కటే అంటే లెక్క సరిపోతుంది. ఆదాము, హవ్వ పాపం చేసినప్పుడు మానవ స్వభావం మొత్తం వాళ్లిద్దరిలోనే ఉంది, వేరే చోట లేదు. కాబట్టి పాపం చేసింది ఆ స్వభావమే. బిడ్డ పుట్టినప్పుడు దేవుడు కొత్త ద్రవ్యాన్ని సృష్టించడు, ఉన్న ద్రవ్యానికి కొత్త వ్యక్తిని చేర్చుతాడు. వ్యక్తులను వేరుచేసేవి ఆగంతుక గుణాలు మాత్రమే. ఫీనిక్స్ పక్షిని కూడా ఓడో ఇక్కడికి తెచ్చాడు. ఆ జాతిలో ఎప్పుడూ ఒకే పక్షి ఉంటుందని నమ్మకం. ఒక్కటే ఉన్నా జాతి వేరు, ఆ పక్షి వేరు అని ఆయన పట్టుదల.

చూడటానికి ముచ్చటైన పరిష్కారమే. కానీ దీని ప్రకారం నాకూ మీకూ తేడా రంగు, ఎత్తు, చోటు లాంటివే. నేను అనేవాణ్ణి ఒక పెద్ద ద్రవ్యం మీద వేసిన చొక్కాలాంటివాణ్ణి అన్నమాట.

తూర్నేలో మూగవాడి తీర్పు కథ నిజమేనా?

హెర్మన్ అనే తూర్నే సన్యాసి 12వ శతాబ్దంలో రాసిన చరిత్రలో ఉంది. ఓడో పాత పద్ధతిలో తర్కాన్ని వస్తువుల గురించి చెప్పేవాడు. పక్కనే లిల్ పట్టణంలో రాంబెర్ కొత్త పద్ధతిలో మాటల గురించి చెప్పేవాడు. విద్యార్థుల్లో ఎవరి పాఠం మేలని వాదన. ఒక క్యానన్ (కథెడ్రల్‌కు చెందిన మతాధికారి) చెవిటి, మూగ జోస్యుడి దగ్గరికి వెళ్లి అడిగాడు. అతను ఒక అరచేతి మీద ఇంకో చేతిని నాగలిలా లాగి ఓడో బడి వైపు చూపించాడు. లిల్ వైపు వేలు చూపి ఉఫ్ అని ఊదాడు. కథ చెప్పినవాడు ఓడో మఠానికి చెందినవాడు, ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి.

సామాన్యాలు ఉత్త గాలి అని రోసెలిన్ నిజంగా అన్నాడా?

రోసెలిన్ 11వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో తర్కం చెప్పిన గురువు. అలా అన్నాడని చెప్పింది ఆయన ప్రత్యర్థి, కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఆన్సెల్మ్. సామాన్య ద్రవ్యాలను నోటి ఊపిరిగా చూసే 'తర్కంలోని మతద్రోహులు' ఉన్నారని ఎద్దేవా చేశాడు. వీళ్లకు గుర్రానికీ దాని రంగుకీ తేడా తెలియదు, పలువురు మనుషులు జాతిలో ఒకే మనిషి ఎలా అవుతారో అర్థం కానివాడికి పలువురు ఒకే దేవుడు ఎలా అవుతారో ఏం అర్థమవుతుంది అన్నాడు. ఆన్సెల్మ్ ఎంత గొప్పవాడైనా, ఎదుటివాడి మాటను ఇంత వంకరగా చెప్పడం సరైన పని కాదు.

రోసెలిన్ అసలు భయం వేరు. ముగ్గురూ ఒకే వస్తువైతే కుమారుడితో పాటు తండ్రీ ఆత్మా కూడా శరీరం ధరించినట్టే కదా? ఫిలోపొనస్ అడిగిన ప్రశ్నే 500 ఏళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో మళ్లీ లేచింది. 1092 ప్రాంతంలో సువాసోన్ సభలో రోసెలిన్ వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

రోసెలిన్ శిష్యుడు, 12వ శతాబ్దంలో పేరుమోసిన తర్క పండితుడు అబెలార్ కూడా జాలి చూపలేదు. భాగాలు కూడా మాటలే అని రోసెలిన్ అనేవాడట. అయితే ప్రభువు కాల్చిన చేప ముక్క తిన్నాడని సువార్తలో ఉన్నచోట 'చేప' అనే మాటలో ముక్క తిన్నాడనుకోవాలా అని అబెలార్ వెటకారం.

అబెలార్, గియోమ్ గొడవలో అసలు పాయింటు ఏమిటి?

గియోమ్ ద షాంపో పారిస్ కథెడ్రల్ బడిలో గురువు. ఆయన మొదటి వాదం ఓడో వాదానికి దగ్గరే. ఒకే సారం ప్రతి వ్యక్తిలోనూ పూర్తిగా ఉంది, తేడా అంతా పైన చేరే రూపాలదీ ఆగంతుక గుణాలదీ. అబెలార్ క్లాసులో లేచి ఈ వాదాన్ని పడగొట్టాడు. 1108 ప్రాంతంలో గియోమ్ పారిస్ అంచున సాన్ విక్తోర్‌కు వెళ్లిన తర్వాత కూడా వదల్లేదు.

కొన్ని దెబ్బలు వినడానికి సరదాగా ఉంటాయి. 'జంతువు' అనే సారం మనిషిలోనూ గాడిదలోనూ ఒకటే అయితే, బుద్ధి ఉన్నదీ లేనిదీ ఒకే వస్తువు అవుతుంది. సోక్రటీస్ రోములో, ప్లేటో ఏథెన్సులో ఉంటే ఒకే మనిషి రెండు చోట్లా ఉన్నట్టు.

కానీ నా లెక్కలో అన్నిటికన్నా బరువైన దెబ్బ ఇంకొకటి. ఆగంతుక గుణం నిలబడాలంటే ముందు దాన్ని మోసే ద్రవ్యం ఉండాలి. నలుపు ఉండాలంటే నల్లగా ఉండే వస్తువు ఉండాలి. అలాంటప్పుడు ఆ వస్తువును వ్యక్తిగా చేసేది నలుపే అని ఎలా అంటాం? సోక్రటీస్ వల్ల అతని గుణాలు ఉన్నాయి, గుణాల వల్ల సోక్రటీస్ లేడు. పోర్ఫిరీ మూట, బోయెథియస్ స్థలం, ఓడో రంగులు, అన్నీ ఈ ఒక్క వాదంతో కుప్పకూలాయి. సామాన్యం మీద గెలుపుగా దీన్ని చదువుతారు గానీ, వ్యక్తి గురించి అంతవరకూ అందరూ అరువు తెచ్చుకున్న జవాబు ఇక్కడ చెల్లకుండా పోయింది.

గియోమ్ తన మాట మార్చుకున్నాడు. సోక్రటీస్, ప్లేటో ఏదీ పంచుకోరు, మనిషి కావడంలో తేడా లేకుండా ఉంటారు, అంతే అన్నాడు. తేడా లేకపోవడం ఒక లేమి మాత్రమే, ఇద్దరూ రాయి కాకపోవడంలోనూ కలుస్తారు కదా అని అబెలార్ దాన్నీ వదల్లేదు. ఈ ఒక్క విషయంలో మాట మార్చడంతో గియోమ్ పాఠాలకు విలువే పోయిందని అబెలార్ తన ఆత్మకథలో గొప్పగా రాసుకున్నాడు. ఆ ఆత్మకథలో ఓడిపోయేది ఎప్పుడూ ఎదుటివాళ్లే.

అబెలార్ సొంత జవాబు ఏమిటి?

ఉన్నవన్నీ వ్యక్తులే. సామాన్యం అనేది మాటకు మాత్రమే చెల్లుతుంది. అయితే మాట గాలివాటుగా పెట్టింది కాదు. సోక్రటీస్, ప్లేటో ఇద్దరూ మనిషి కావడంలో కలుస్తారు. 'మనిషి కావడం' ఒక వస్తువు కాదు, ఇద్దరి స్థితి. వస్తువు కానిది కారణం ఎలా అవుతుందని అడిగితే: సంతకు పోనన్నందుకు ఒకణ్ణి కొట్టారు అంటాం. పోననడం అనేది వస్తువా?

పోర్ఫిరీ మూడు ప్రశ్నలకు ఆయన నాలుగోది కూడా చేర్చాడు. లోకంలో ఒక్క గులాబీ కూడా మిగలకపోతే 'గులాబీ' అనే మాటకు అర్థం ఉంటుందా? ఉంటుంది అన్నాడు. లేకపోతే 'గులాబీ లేదు' అనే వాక్యమే మనకు అర్థం కాకూడదు.

వ్యక్తి సంగతికొస్తే, ప్రతిదీ తనంతట తానే మిగతావాటికి వేరు, దాన్ని వేరుచేయడానికి ఇంకేదీ అక్కర్లేదు అన్నాడు. కొందరికి ఇది జవాబు ఎగ్గొట్టడంలా కనిపిస్తుంది. నాకు మాత్రం నిజాయితీగానే ఉంది. అన్నీ వ్యక్తులే అయినప్పుడు వివరించాల్సింది పోలికను గానీ వేరుతనాన్ని కాదు.

పువాతియే జిల్బెర్ పేరు ఎందుకు వస్తుంది?

ఈ కాలంలో వ్యక్తి గురించి అందరికన్నా సూక్ష్మంగా ఆలోచించింది ఆయనే. బోయెథియస్ మత గ్రంథాలకు వ్యాఖ్య రాశాడు, 1142లో పువాతియేకు బిషప్ అయ్యాడు. సోక్రటీస్‌ను మనిషిని చేసే మనిషితనం సోక్రటీస్‌దే, ప్లేటోది ప్లేటోదే. రెండూ ఒకేలా ఉంటాయి గానీ ఒకటి కాదు.

ఇక్కడ ఆయన ఒక గీత గీశాడు: విడిగా ఉండటం వేరు, వ్యక్తి కావడం వేరు. సోక్రటీస్ మనిషితనం విడిదే, కానీ అలాంటిది ప్లేటోలో ఉంది గనుక అది వ్యక్తి కాదు. ఉన్నవీ, ఉండగలిగినవీ కలుపుకున్న ప్లేటో మొత్తం రూపానికి మాత్రమే పోలిక దొరకదు. బోయెథియస్ వదిలేసిన 'ప్లేటోతనం' ఇలా పనికొచ్చింది. మరి సూర్యుడు? ఒక్కడే ఉన్నాడు కదా? అలాంటివాడు ఇంకొకడు ఉండే వీలుంది, కాబట్టి సూర్యుడనే స్వభావం ఆ పరీక్షలో నెగ్గదు. ఓడో ఫీనిక్స్‌తో పట్టుకోబోయింది ఇక్కడ చక్కగా దొరికింది.

1148లో రీమ్స్ సభలో క్లెర్వో మఠాధిపతి బెర్నార్ ఆయన మీద పెద్ద దాడే చేశాడు. జిల్బెర్ తన బిషప్ పదవితోనే ఇంటికి తిరిగి వెళ్లాడు.

వాస్తవవాదులు, నామవాదులు అని రెండు పార్టీలుగా చెప్తే చాలదా?

చాలదు. సామాన్యం నిజంగా ఉందనేవాళ్లు వాస్తవవాదులు, అది ఉత్త పేరే అనేవాళ్లు నామవాదులు. ఫిలోపొనస్, రట్రామ్నుస్, జిల్బెర్ ఏ పార్టీలో పడతారో చెప్పి చూడండి. అప్పట్లోనే విసుగెత్తినవాళ్లు ఉన్నారు. అబెలార్ దగ్గర చదువుకున్న సాల్స్‌బరీ జాన్, లోకాన్ని గెలవడానికి సీజర్ల వంశానికి పట్టిన కాలం కన్నా ఎక్కువ కాలం ఈ ప్రశ్న మీద ఖర్చయిందని రాశాడు.

మన తర్కశాస్త్రంలోని 'సామాన్యం' ఇదేనా?

దగ్గరి చుట్టమే. నిత్యమై, ఒకటై, అనేకాల్లో ఉండేది సామాన్యం అని 'తర్కసంగ్రహం' చెబుతుంది. దాన్ని రాసిన 17వ శతాబ్దపు అన్నంభట్టు తెలుగువాడే. కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు అయిపోడు అనే నానుడి కూడా ఉంది. ఆ నిర్వచనాన్ని బోయెథియస్ ముందు పెడితే, ఒకటై అనేకాల్లో ఎలా ఉంటుందని వెంటనే అడుగుతాడు. మన బౌద్ధులు అడిగిందీ అదే. ధర్మకీర్తి దగ్గర వ్యక్తి మాత్రమే నిజం, సామాన్యం కల్పన.

అసలైన తేడా వ్యక్తి దగ్గర ఉంది. వైశేషికులు పరమాణువులూ ఆత్మలూ లాంటి నిత్యద్రవ్యాలను వేరుచేయడానికి 'విశేషం' అనే ఒక విడి పదార్థాన్నే (ఉన్నవాటిలో ఒక మూల వర్గాన్నే) ఒప్పుకున్నారు. అది గుణం కాదు కాబట్టి అబెలార్ వాదం దానికి తగలదు. లాటిన్ వాళ్లలో ఇంత తెగింపు 13వ శతాబ్దం చివర డన్స్ స్కోటస్ వచ్చేదాకా కనిపించదు.

అక్వినాస్, స్కోటస్, ఓకమ్ ఇక్కడ ఎందుకు లేరు?

13, 14 శతాబ్దాల ఆ పండితుల ముందున్న బల్ల వేరు. 12వ శతాబ్దం చివర నుంచి అరిస్టాటిల్ అధిభౌతిక గ్రంథమూ పారసీక తత్వవేత్త అవిసెన్నా రచనలూ లాటిన్ బడుల్లోకి వచ్చాయి. వ్యక్తిని చేసేది భౌతిక పదార్థమా, ఉనికా, మరేదైనా ఒక ప్రత్యేక అంశమా అని అడగడం అప్పుడు మొదలైంది. అబెలార్ తరానికి దొరికినవి పోర్ఫిరీ, బోయెథియస్, అరిస్టాటిల్ తర్కంలో కొంత భాగం. అంత తక్కువ సరుకుతో చేసిన వాదాలివి.

ఎక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలి?

ముందు 'ఇసాగోగే' మీద బోయెథియస్ రెండో వ్యాఖ్యలో సామాన్యాల భాగం, కొన్ని పేజీలే. తర్వాత అదే పుస్తకం మీద అబెలార్ రాసిన వ్యాఖ్య. ఆత్మకథ ముందే చదివితే గియోమ్ మీద చులకన భావం వచ్చేస్తుంది, దాన్ని తర్వాతకు ఉంచుకోండి. జిల్బెర్‌ను మాత్రం మొదటే పట్టుకోవద్దు, ఆయన వాక్యాలు ఆయన శిష్యులకే కష్టంగా ఉండేవి.